భారతపద్యము, బాలవ్యాకరణము, మన పిల్లలు

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



మన సంఘము ఆదివారములందు నడుపుచున్న తెలుగు తరగతిని గూర్చి కార్యవర్గమునకు ఇటీవల ఒక సూచన వచ్చినది. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలకు పద్యమును వ్యాకరణమును చెప్పుట మానివేసి, ఉన్న రెండు గంటల కాలమును మాటలాడుటకు, చదువుటకు, వ్రాయుటకు మాత్రమే వినియోగింపవలెనని ఆ సూచన. దానిని తెచ్చినవారు తెలుగుపై ప్రీతి లేనివారు కారు. తమ పిల్లలను ఒక్క వారమైనను మానకుండ పంపుచున్నవారే. వారి వాదము బలము గలది. ఢిల్లీలో పెరుగు పిల్లవాడు హిందీలో ఆడుకొనును, ఆంగ్లమున చదువుకొనును, సంస్కృతమున పరీక్ష వ్రాయును. అమ్మతో అన్నము పెట్టుమనుటకు, అమ్మమ్మతో ఫోనులో క్షేమసమాచారము చెప్పుటకు మాత్రమే వానికి తెలుగు. అట్టివానికి నన్నయ పద్యమెందుకు? చిన్నయసూరి సూత్రమెందుకు? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పకుండ తరగతిని పాతరీతిగా నడపుట న్యాయము కాదు. వచ్చే నెల సర్వసభ్య సమావేశమున మీరందరు ఓటు వేయవలసియున్నందున, నా అభిప్రాయమును కారణములతో మీ ముందుంచుచున్నాను.

నేను భాషాపండితుడను కాను. బి.ఏ. వరకు చరిత్రయు తెలుగును చదువుకొని, సచివాలయమున ఇరువది యేండ్లుగా నోట్లు, ముసాయిదాలు వ్రాయుచున్నవాడను. నాలుగేండ్లుగా ఆదివారపు తరగతిలో పాఠము చెప్పువారిలో ఒకడను. పండితులు చెప్పవలసిన శాస్త్రవిషయములు నా ప్రసంగమున లేవు. పిల్లలయెదుట నిలిచి చూచిన సంగతులే ఉన్నవి.

మొదట ఈ రెండు పాఠములు మన బడిలోనికి వచ్చిన తీరును జ్ఞప్తికి తెచ్చుకొందము. పదునొకండవ శతాబ్దిలో రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయభట్టు భారతమును తెనిగింప మొదలిడి, ఆదిసభాపర్వములను, అరణ్యపర్వమున కొంతభాగమును రచించెను. పదుమూడవ శతాబ్దిలో నెల్లూరి మనుమసిద్ధి కాలమున తిక్కన విరాటపర్వము మొదలు కడవరకు పదునైదు పర్వములు పూర్తి చేసెను. పదునాలుగవ శతాబ్దిలో ఎఱ్ఱన అరణ్యపర్వశేషమును నింపెను. మూడు శతాబ్దులు పట్టిన ఈ పని మన భాషకు పునాదియైనది. ఈ కవుల ప్రయోగములను ఆధారముగా చేసికొని చెన్నపట్టణమున పరవస్తు చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణమును రచించెను. పది పరిచ్ఛేదముల ఆ చిన్న పుస్తకము నాటినుండి నేటివరకు బడిలో చెప్పు సంధులకు, సమాసములకు, విభక్తులకు మూలము.

ఇందొక ముఖ్యవిషయము గలదు. బాలవ్యాకరణము కవుల భాషకు చేసిన వ్యాకరణము. మనము ఇంటిలో మాటలాడు భాషకు గాని, నేటి వార్తాపత్రికల భాషకు గాని చేసినది కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) జీవితమంతయు పోరాడి చాటిన సత్యమిదియే. కావ్యభాష కావ్యమునకు తగును. బడిపిల్లవాడు వ్యాసము వ్రాయుటకు జీవద్భాష కావలెనని వారు వాదించిరి. ఆ వాదమే నిలిచినది. నేటి పాఠ్యపుస్తకములలోని వచనము వ్యావహారికముననే ఉన్నది. వారి జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషాదినోత్సవముగా జరుపుకొనుచున్నాము. ఈ సభల అలవాటు ననుసరించి నేను పాతశైలిలో మాటలాడుచున్నను, మా యింటి పిల్లలు ఈ శైలిలో ఉత్తరము వ్రాయవలెనని నేనెన్నడును కోరలేదు.

ఐతే ఆ మార్పు తరువాత బడిలో ఒక చిక్కు మిగిలినది. పిల్లవాడు మాటలాడు తెలుగు ఒకటి. వాచకములో చదువు వచనము దానికి దగ్గరిదైన మరియొకటి. వ్యాకరణపు గంటలో వల్లించు సూత్రములు వర్ణించు భాష మూడవది. ఆ మూడవ భాష కనబడునది పద్యములో మాత్రమే. కావున పద్యమును విడిచి వ్యాకరణమును చెప్పినచో అది దేనికి వ్యాకరణమో పిల్లవానికి తెలియదు. వ్యాకరణమును విడిచి పద్యమును చెప్పినచో పద్యము మంత్రమగును. నోటికి వచ్చును గాని అర్థము కాదు. ఈ రెండింటిని రెండు గంటలుగా, రెండు పుస్తకములుగా, రెండు రకముల మార్కులుగా విడదీసి చెప్పుటవలననే మనలో పలువురకు చిన్ననాట తెలుగు పండితుడనిన భయము కలిగినది. తప్పు పద్యమున లేదు, సూత్రమున లేదు. వానిని వేరు చేయుటలో ఉన్నది.

రెండింటిని కలిపి చెప్పుట ఎట్లో ఒక ఉదాహరణముతో మనవి చేసెదను. ఆదిపర్వమున శకుంతలోపాఖ్యానము మీకందరకు తెలిసినదే. మా తరగతిలో ఈ కథ చెప్పగానే ఎవరో ఒకరు తప్పక అడుగుదురు: "శకుంతల ఉంగరము చూపవచ్చును గదా?" బొమ్మల పుస్తకములలో, టెలివిజనులో వారు చూచిన కథ కాళిదాసు నాటకమునుండి వచ్చినది. భారతకథలో ఉంగరము లేదు, దుర్వాసుని శాపము లేదు. రాజునకు మతిమరుపు లేదు. సభలో అందరియెదుట నీవెవరో నేనెరుగనని తెలిసియే పలుకును. ఆమె ప్రక్కన బిడ్డ నిలిచియున్నాడు. ఆమెవద్ద వస్తురూపమైన సాక్ష్యమేదియు లేదు. చివరకు ఆకాశవాణి పలుకువరకు ఆమెకున్న బలమంతయు ఆమె మాటయే. ఇంతవరకు చెప్పి ఆపినచో పదుమూడేండ్ల పిల్లలు పద్యమును వినుటకు తామే సిద్ధమగుదురు. అట్టి స్థితిలో ఆమె యేమని వాదించెనో వినవలెనని ఎవరికి ఉండదు?

అప్పుడు నన్నయగారి ప్రసిద్ధమైన చంపకమాలను చదివి వినిపింతుము. అందలి భావము మెట్ల వరుసవలె నుండును. నూరు నూతులకన్న ఒక బావి గొప్పది. నూరు బావులకన్న ఒక యజ్ఞము. నూరు యజ్ఞములకన్న ఒక పుత్రుడు. నూరుమంది పుత్రులకన్న ఒక్క సత్యవాక్యము. ఇందు వ్యాకరణమెక్కడ నున్నది? ప్రతి మెట్టున నున్నది. "కంటె" అను పంచమీ విభక్తి ప్రత్యయము నాలుగు మారులు వచ్చును. ఆ ప్రత్యయమును తీసివేసినచో మెట్లన్నియు కూలిపోవును. ఏది దేనికన్న గొప్పదో తెలియదు. విభక్తుల పట్టికను పది వారములు వల్లించిన పిల్లవానికి తెలియని సంగతి ఈ ఒక్క పద్యముతో తెలియును. ప్రత్యయమనగా మార్కుల కొరకు పుట్టినది కాదు, వాదమును నిలబెట్టునది అని.

మరియొక చిక్కు చూడుడు. ఆ పద్యమునడుమ శకుంతల రాజును ఒక సంబోధనతో పిలుచును. సత్యమే వ్రతముగా గలవాడా అని ఆ పిలుపునకు అర్థము. సంబోధనమును గుర్తింపని విద్యార్థి ఆ మాటను దాని ప్రక్కనున్న బావికి విశేషణముగా తగిలించును. మా తరగతిలో మొదటిసారి చదివినవారిలో సగముమంది అట్లే చేయుదురు. అబద్ధమాడుచున్నవానిని సత్యవ్రతుడా యని పిలుచుటలో ఎంత నిందయున్నదో, ఎంత గౌరవమున్నదో వారికి అంతవరకు తెలియదు. సంబోధన ప్రథమావిభక్తియని తెలిసిన మరుక్షణమున సభ అంతయు వారి కన్నులయెదుట నిలుచును. రాజును దూషింపకుండ, అతని గౌరవమునే అతనికి గుర్తుచేసి నిలదీసిన స్త్రీ వారికి కనబడును. వ్యాకరణము తెలియుటవలన కలుగు లాభమిది. ముసాయిదాలో ఒక విరామచిహ్నము స్థానము మారినచో ఉత్తరువు అర్థమే మారునని మన కార్యాలయములలో అందరకు తెలియును గదా! పద్యమునకును అంతే.

బావికి నూతికి భేదమేమని కూడ పిల్లలు అడుగుదురు. చేదతో నీరు తోడుకొను ఇరుకైనది నుయ్యి. మెట్లు దిగి పోవుటకు వీలైన విశాలమైనది బావి. దీనిని వివరించుటకు ఢిల్లీలో మనకొక అదృష్టమున్నది. కన్నాట్ ప్లేసునకు దగ్గరలో హేలీ రోడ్డు ప్రక్కన అగ్రసేన్ బావళీ యను పాత దిగుడుబావి గలదు. ఒక ఆదివారమున తరగతిని అక్కడనే జరిపితిమి. సంస్కృతమున "వాపి", తెలుగున "బావి", హిందీలో "బావళీ". ఒక మూలమునుండి వచ్చిన మాటలు. ప్రకృతి, వికృతి యను పాఠమును ఆ మెట్లపై కూర్చుండి చెప్పినప్పుడు దానికి వేరుగా పట్టిక వ్రాసికొనవలసిన పని లేకపోయెను. నన్నయ కాలమునాటి ఒక మాటను తమ ఊరిలోనే తాకి చూచితిమను సంతోషము పిల్లల ముఖములలో కనబడినది.

ఇక సంధులను గూర్చి. మన పిల్లలు సంస్కృతపు తరగతిలో విద్యాలయము, సూర్యోదయము మొదలగువానిని విడదీయుట ముందే నేర్చుకొనియుందురు. కావున సవర్ణదీర్ఘమును, గుణమును, వృద్ధిని, యణాదేశమును మనము మరల మొదటినుండి చెప్పుట కాలహరణము. "మీకివి వచ్చును" అని ఒక్క వారములో గుర్తుచేసి విడువవచ్చును. మిగిలిన కాలము తెలుగు సంధులకు చెందవలెను. అవి పిల్లల నోటిలోనే ఉన్నవి. మనము చూపుటయే తరువాయి. తల్లియు తండ్రియు కలిసిన "తల్లిదండ్రులు" అందురు గాని "తల్లితండ్రులు" అనరెందుకు? అన్నయు తమ్ముడును కలిసిన "అన్నదమ్ములు" ఏల యగుదురు? కూరయు కాయయు కలిసి "కూరగాయలు" ఎట్లయినవి? ఒక్కొక్కచోట క గ యైనది, త ద యైనది అని పిల్లలే చెప్పుదురు. వారు చెప్పిన తరువాత గసడదవాదేశమను పేరు చెప్పినచో ఆ పేరు భయపెట్టదు. తమకు తెలిసిన మనిషికి పేరు తెలిసికొన్నట్లుండును.

అట్లే "పట్టపగలు", "మొట్టమొదట", "చిట్టచివర", "నట్టనడుమ". పగలు అను మాట రెండు మారులు వచ్చినప్పుడు మొదటిదానిలో ఏమి పోయినది, ఏమి వచ్చినది అని అడిగినచో ఎనిమిదవ తరగతి పిల్లలు పది నిమిషములలో నియమమును తామే కనుగొందురు. ద్విరుక్తటకారము వచ్చినదని చిన్నయసూరి చెప్పిన విషయమును వారు నోటబట్టినది కాదు, పట్టుకొన్నది. ద్రుతమును, కళలను గూర్చి మాత్రము మా పద్ధతి వేరు. వాని జాబితాలను వల్లింపజేయము. పద్యములో ఒక మాట గకారముతోనో దకారముతోనో మొదలై అర్థము కానప్పుడు, దానికి ముందొక నకారము దాగియున్నదేమో చూడుమని మాత్రము చెప్పుదుము. పరుషము సరళమైనదని తెలిసినచో మాట బయటపడును. నిఘంటువులో వెదకుటకు వీలగును. ఉన్నత పాఠశాల విద్యార్థికి సరళాదేశముతో నింతకు మించి పని లేదు.

లింగమును గూర్చి మన పిల్లలకు కలుగు సందేహము తెలుగునాట పెరిగినవారికి కలుగదు. హిందీలో కుర్చీ స్త్రీలింగము, ఇల్లు పుంలింగము. తెలుగున బస్సునకును వచ్చింది, అక్కకును వచ్చింది. బహువచనమున మాత్రము అక్కలు వచ్చారు, బస్సులు వచ్చాయి. ఇదేమి న్యాయమని ఒక తొమ్మిదవ తరగతి బాలిక కోపముతో అడిగెను. స్త్రీవాచకము ఏకవచనమున అమహత్తుతోను, బహువచనమున మహత్తుతోను చేరునని మన వ్యాకరణము చెప్పుచున్నది. ఆ బాలికకు కోపము తగ్గలేదు. తగ్గవలసిన పనియు లేదు. భాషలో సమాజపు పాత అలవాట్లు ఎట్లు నిలిచియుండునో అను చర్చ ఆ దినమున గంటకు పైగా జరిగినది. తన భాషపై ఒక ప్రశ్న వేయగలిగిన పిల్లకు ఆ భాష తనదియే యైనది. మాటలాడుట మాత్రమే నేర్పినచో ఆ ప్రశ్న పుట్టియుండెడిది కాదు.

ఛందస్సు విషయమున బడిలో జరుగుచున్నది గణితము. పద్యపాదమిచ్చి గణవిభజన చేయుమందురు, లఘువునకు నిలువుగీత, గురువునకు వంకరగీత, మార్కులు వచ్చును, పద్యము చెవికెక్కదు. మేము చప్పట్లతో మొదలుపెట్టుదుము. పొట్టి అక్షరమునకు ఒక చప్పట, పొడుగు అక్షరమునకు రెండు. తరువాత వృత్తములను విడిచి ఆటవెలదిని పట్టుకొందుము. మొదటి, మూడవ పాదములకు మూడు సూర్యగణములు, రెండు ఇంద్రగణములు. రెండవ, నాలుగవ పాదములకు ఐదు సూర్యగణములు. ప్రతి పాదమున నాలుగవ గణమున యతి. వేమన చేతిలో పల్లెపల్లెకు నడిచిన ఛందమిది. కొంతకాలము విన్న తరువాత పిల్లలే ఒక పాదము కట్టవలెను. మా తరగతిలో ఒక బాలిక కట్టిన పాదమిది: "బస్సు రాదు నేడు బహుసేపు నిలిచితి." బస్సు, రాదు, నేడు, మూడును గలములు, బహుసేపు సలము, నిలిచితి నలము, మొదటి బకారమునకు నాలుగవ గణపు బకారముతో యతి చెల్లినది. ఇందు కవిత్వమున్నదని నేననను. బస్సుస్టాపు ఆటవెలదిలోనికి వచ్చినది. ఆ బాలిక ఇక ఎవరి పద్యము విన్నను వేళ్ళు కదలించుచు వినును.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలసియున్నది. మన పిల్లలు సెల్‌ఫోనులలో తెలుగును ఆంగ్లలిపిలో వ్రాయుచున్నారు. తల్లులు, తండ్రులును అట్లే సమాధానమిచ్చుచున్నారు. ఆ లిపిలో తకారమునకు టకారమునకు భేదము లేదు. లకారమునకు ళకారమునకు భేదము లేదు. హ్రస్వమునకు దీర్ఘమునకు భేదము నిలువదు. హ్రస్వదీర్ఘములు పోయినచో లఘుగురువులు పోవును. లఘుగురువులు పోయినచో పద్యమే లేదు. ఫోనులో తెలుగు అక్షరములు లేకపోలేదు. మీట మార్చుకొనుటకు ఒక్క నిమిషము పట్టును. ఇంటిలో ఈ ఒక్క అలవాటు మారినచో మా తరగతి పనిలో సగము తీరును.

మన సచివాలయ సోదరులకు వ్యాకరణము మరియొక విధమున ఇంపుగా నుండవలెను. నియమావళులలో "చేయవలెను" అనుటకును, "చేయవచ్చును" అనుటకును గల భేదముపై మనము ఎన్ని పుటలు నింపుదుము! చిన్నయసూరి ఆ భేదమును నిత్యము, వైకల్పికము అను రెండు మాటలతో తేల్చెను. ఉకారమునకు సంధి నిత్యము, అకారసంధి ఒకచోట అగును, ఒకచోట కాదు, ఒకచోట రెండును అగును, దానిని బహులమనెను. తక్కువ మాటలతో, సందేహమునకు తావులేకుండ, మినహాయింపును కూడ నియమములోనే చేర్చి వ్రాయుట ఎట్లో నేర్చుకొనదలచిన ఉద్యోగికి బాలవ్యాకరణముకన్న మంచి పాఠ్యపుస్తకము నేను చూడలేదు.

ఇప్పుడు అభ్యంతరములకు వచ్చెదను. మొదటిది, భారము. నిజమే, పరీక్షల సంవత్సరమున పిల్లలు అలసియుందురు. అందుచే ఏడాదికి ఇరువదినాలుగు పద్యములకు మించరాదని నా సూచన. నెలకు రెండు. ఒక్కొక్క పద్యమునకు రెండు వారములు: మొదటి వారము కథయు, వినుటయు, అర్థమును, రెండవ వారము పదవిభాగము, అన్వయము, ఆ పద్యములో కనబడిన ఒక్క వ్యాకరణాంశము. కంఠస్థము చేయుట ఐచ్ఛికము. మా అనుభవములో ఆ మాట చెప్పిన తరువాతనే ఎక్కువమంది కంఠస్థము చేసిరి.

రెండవది, ప్రయోజనము. పరీక్షకు పనికివచ్చునా యని అడుగుదురు. కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి పరీక్షలలో తెలుగు తీసికొనుటకు వీలున్నది. 2014లో రాష్ట్రవిభజన జరిగిన పిమ్మట రెండు రాష్ట్రముల తెలుగునకు రెండు వేరు పాఠ్యక్రమములు కూడ ఏర్పడినవి. ఈ నగరమున 1948లో దుర్గాబాయిగారి పూనికతో వెలసిన ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ పాఠశాలలలో తెలుగు చెప్పుచున్నారు. కాని మన తరగతి పిల్లలలో ఎక్కువమందికి తెలుగు పరీక్షాంశము కాదు. నేను దీనిని లోపముగా చూడుట లేదు. మార్కులు లేనిచోట పద్యమును పద్యముగా చెప్పుటకు స్వేచ్ఛ యున్నది. బడిలో పనిచేయు పండితులకు లేని ఆ స్వేచ్ఛను మనము వదలుకొనరాదు.

మూడవది, సున్నితమైనది. భారతభాగవతములు ఒక మతగ్రంథములు గదా, అన్ని మతములవారు సభ్యులుగా నున్న ప్రభుత్వోద్యోగుల సంఘములో అవి చెప్పుట తగునా యని ఒక మిత్రుడు మృదువుగా అడిగిరి. నా సమాధానమిది. మేము చెప్పునది సభలో న్యాయమడిగిన స్త్రీని గూర్చి. డంబములు పలికి సేనను చూచి పరుగెత్తిన ఉత్తరకుమారుని గూర్చి. యుద్ధమాపుటకు దూత పడిన శ్రమను గూర్చి. వీనిని వినుటకు పూజ అవసరము లేదు. మరియు పద్యము ఒక మతమునకు, ఒక కులమునకు చెందినది కాదు. పిఠాపురమున ఉమర్ అలీషా కవి పద్యములు వ్రాసిరి. అంటరానివాడని లోకము త్రోసిన గుఱ్ఱం జాషువ 1941లో "గబ్బిలము" కావ్యమున తన ఆవేదనను ఆ పాతఛందస్సులలోనే పలికి, త్రోసినవారి చెవులకు సోకునట్లు చేసెను. ఛందస్సు ఆయనకు ఎవరో దయతో ఇచ్చినది కాదు; తన అర్హతచే సంపాదించుకొన్నది. కావున మా ఇరువదినాలుగు పద్యములలో భారతభాగవతములతోపాటు వేమనయు, మొల్లయు, జాషువయు తప్పక ఉండవలెను. పదవ తరగతి దాటునప్పటికి మన పిల్లలందరును, ఏ ఇంటినుండి వచ్చినవారైనను, ఇది నా భాషలోని పద్యము అనుకొనగలుగవలెను.

నాలుగవ అభ్యంతరము ఎవరును బయటకు చెప్పరు గాని అందరి మనస్సులలో ఉన్నది. ఈ పిల్లలు మరల తెలుగునాటికి పోవుదురా? 2011 జనాభా లెక్కలలో తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నవారు 8 కోట్ల 11 లక్షలకు పైబడియున్నారు. 2008లో మన భాషకు ప్రాచీనభాషా ప్రతిపత్తి లభించినది. తెలంగాణము 2018లో బడులన్నిటిలో తెలుగును తప్పనిసరి చేయుచు శాసనము చేసికొన్నది. ఈ అంకెలు, ఈ ఉత్తరువులు భాషను మొత్తముగా కాపాడవచ్చును. మన క్వార్టర్లలో పెరుగుచున్న పిల్లవానిని అవి చేరవు. వానికి మాట మాత్రము నేర్పినచో అది వానితోనే ఆగును. వాని పిల్లలకు అమ్మమ్మతో ఫోను మాటలాడు అవసరము కూడ ఉండదు. వానికి వెయ్యేండ్ల పుస్తకమును తానే విప్పి చదువుకొను తాళపుచెవి ఇచ్చినచో, బదిలీపై ఏ ఊరికి పోయినను, ఏ దేశమునకు పోయినను, ఏ వయస్సుననైనను దానిని తెరచుకొనగలడు. మాటలాడు తెలుగు ఇంటిలో వచ్చును. రాకున్న ఇంటివారు నేర్పగలరు. పద్యమును విడదీసి చదువు విద్యను ఇంటిలో నేర్పగలవారు మనలో ఎంతమంది ఉన్నారో మీ గుండెపై చేయి వేసికొని చూచుకొనుడు. తరగతి ఏర్పడినది ఇంటిలో దొరకనిదానిని ఇచ్చుటకు గదా!

చివరగా సర్వసభ్య సమావేశమున నేను ప్రతిపాదింపబోవు అంశములు మూడు. మొదటిది: ఎనిమిదవ తరగతికి దిగువనున్న పిల్లలకు పద్యవ్యాకరణములు వలదు, వారికి లిపి, చదువుట, కథలు చాలును. ఈ విషయమున సూచన తెచ్చినవారితో నేను పూర్తిగా ఏకీభవించుచున్నాను. రెండవది: పై తరగతులకు రెండు గంటలలో ఒక గంట మాటకును వచనమునకును, ఒక గంట పద్యమునకును దానితో కలిసిన వ్యాకరణమునకును కేటాయింపవలెను; వ్యాకరణమునకు వేరు గంట ఉండరాదు. మూడవది: సంఘనిధినుండి తరగతికి ఒక శబ్దరత్నాకరమును, బాలవ్యాకరణపు ప్రతులు రెండింటిని, కవిత్రయ భారతమును కొనవలెను. ఇది ఒక్క విందు ఖర్చునకు మించదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. మీ పిల్ల పద్యము చదువుచున్నప్పుడు తప్పు పట్టుటకు కాక వినుటకు పది నిమిషములు కూర్చుండుడు. అర్థము తెలియకున్నచో మీరే ఆమెను అడుగుడు. తండ్రికి తెలియనిది తాను చెప్పగలిగిన దినమున ఆ బిడ్డకు కలుగు ఉత్సాహము ఏ బహుమతివలనను కలుగదు. మా తరగతి తలుపులు పెద్దలకు కూడ తెరచియే ఉన్నవి. వెనుక బల్లలు ఖాళీగా ఉన్నవి.